పదిహేను మైక్రానుల సంసారము

గాలికి ఉన్నంత చాపల్యము మఱి దేనికిని లేదని మనవారు అనాదిగా నమ్ముచున్నారు. మనస్సు నిలువదనుటకును, మాట నిలువదనుటకును, ధనము నిలువదనుటకును గాలినే సాక్ష్యమునకు పిలుచుట మనకు వాడుక. కాని ఆ గాలి కదలక నిలుచు చోటొకటి కలదు. అది ప్రతి గృహస్థుని నెత్తిమీదనే ఉన్నది. సంక్రాంతి ముందర బూజు దులుపు నెపమున బల్ల మీద స్టూలును, స్టూలు మీద తానును ఎక్కి సీలింగు ఫ్యాను రెక్కను తుడిచిన ప్రతివానికిని, సంవత్సరము పొడుగునను నిమిషమునకు 300కు పైగా చుట్లు తిరిగిన ఆ రెక్క మీద వేలెడు మందమున మట్టి పేరుకొని యుండుట చూచి, ఇంత విసురుగా తిరుగు దానిమీద ఈ దుమ్ము ఏ ధైర్యముతో కూర్చున్నదా యను శంక కలిగియే యుండును. సమాధానమేమనగా, రెక్కను తాకియున్న గాలి రెక్కతో పాటే తిరుగుచున్నది; రెక్క మీది దుమ్మునకు అది విసరుటయే లేదు. ఘనపదార్థమును అంటియున్న ప్రవాహి దానిమీద జారక, దాని వేగమునే తన వేగముగా స్వీకరించునని శాస్త్రము. గోడను అంటిన గాలి నిశ్చలము. గోడకు జానెడు దూరమున నున్న గాలి మహావేగము. ఈ రెంటికిని నడుమ, ఒకరి మాట ఒకరికి పడని ఆ ఇరుకు చోట జరుగు సర్దుబాటునకే సరిహద్దు పొర యని పేరు. ఆ పొరను కంప్యూటరులో చిన్న చిన్న గడులుగా విభజించి మెష్ తయారు చేయుట నా వృత్తి.

ఈ వృత్తిని నిర్వహించుటకన్న బంధువులకు వివరించుట కష్టము. పెండ్లి పందిళ్లలో పెద్దలెవరైనను ఏమి చేయుచున్నావని ప్రశ్నించినపుడు, నేను యథార్థమునే చెప్పుచుందును. ఒకమారు మా పెదనాన్నగారు అడిగిరి.

"కారు మీదుగా గాలి ఎట్లా పోతుందో కంప్యూటర్లో లెక్క కడతానండీ."

"పోయే గాలికి లెక్కేమిట్రా? గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అని ఊరుకోవాలి గానీ! దీనికి జీతమిస్తారా?"

"ఇస్తారండీ."

ఆయన కొంతసేపు నావంకను, కొంతసేపు పందిరి వంకను చూచి, ప్రక్కనున్న వియ్యంకులవారి వైపు తిరిగి, "సాఫ్ట్‌వేరండి" అని నన్ను క్లుప్తముగా పరిచయము చేసిరి.

పెదనాన్నగారిని నేను తప్పుపట్టను. ఆయనకన్న ఎన్నో రెట్లు చదివినవారు సయితము ఈ పొర జోలికి పోక నూటయేబది యేండ్లు గడిపిరి. 1752లో దాలంబేరు అను ఫ్రెంచి గణితజ్ఞుడు, ఒరిపిడి యను గుణమే లేని ద్రవములో సమవేగమున సాగు వస్తువునకు ఎట్టి నిరోధమును ఉండదని లెక్క తేల్చెను. ఆ లెక్కయే సత్యమైనచో ధవళేశ్వరము దగ్గర ఒక్కమారు గెంటిన పడవ సముద్రము చేరువఱకు ఆగరాదు. పడవవాడు గణితము చదువలేదు కనుక గెడ వేయుచునే యుండెను. పండితుడు పడవ నడుపలేదు కనుక లెక్క వేయుచునే యుండెను. తరువాత 1822లో నేవియర్ అను ఇంజనీరును, 1845లో స్టోక్స్ అను ఆచార్యుడును సమీకరణములలో స్నిగ్ధతను, అనగా ద్రవము తనలో తాను ఒరసికొను గుణమును, యథోచితముగా ప్రవేశపెట్టిరి. ఇప్పుడు సమీకరణములు సత్యమైనవే, కాని సాధ్యములు కాకపోయెను. మునుపటివి సాధ్యములేగాని సత్యములు కావు. ఇట్లు సత్యమునకును సాధ్యమునకును చుక్కెదురుగా నుండగా, 1904 ఆగస్టులో హైడెల్‌బర్గులో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ అను 29 ఏండ్ల జర్మను ఆచార్యుడు 10 నిమిషముల పాటు మాటలాడి, ఈ తగవును తీర్చెను.

ఆయన చెప్పినదిది: స్నిగ్ధతను లోకమంతటను లెక్కింప నక్కఱలేదు, గోడ ప్రక్కనున్న పలుచని పొరలో లెక్కించిన చాలును, దానికి వెలుపల దాలంబేరు చెప్పినట్లే జరిగిపోవును. అచ్చులో ఆ వ్యాసము 8 పుటలు. దానికి బీజము పడినదో, ఏ విద్యాపీఠమునను గాదు. చదువు ముగిసిన క్రొత్తలో ఆయన నూరెంబర్గు యంత్రశాలలో చెక్కపొట్టును పీల్చివేయు గొట్టములను బాగుచేయు పనిలో నుండెను. అచట గొట్టము క్రమముగా వెడల్పగు చోట, లెక్క ప్రకారము పెరుగవలసిన పీడనము పెరుగకుండుట గమనించి, ఏల యని విచారింపగా, గాలి గోడను విడిచి విడిగా పోవుచున్నదని తేలెను. గాలి గోడను ఏల విడుచును, ఎచ్చట విడుచును అను ప్రశ్నయే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది.

ఆ మహానుభావుని గూర్చి శిష్యుడు ఫాన్ కార్మాన్ తన జ్ఞాపకములలో చెప్పిన కథ యొకటి కలదు. వివాహము చేసికొనవలెనని తోచినంతనే ప్రాంట్ల్ తన గురువైన ఫోపుల్‌గారి ఇల్లాలికి, తమ కుమార్తెను నాకిచ్చి వివాహము చేయుడని విన్నవించుకొనెనట. కాని ఆ యింట ఉన్న కుమార్తెలలో ఏ కుమార్తెనో చెప్పుట మఱచెనట. ఇంటివారు తమలో తాము ఆలోచించుకొని పెద్దమ్మాయియే అయియుండునని నిశ్చయించి ఆమెనే యిచ్చిరి. సరిహద్దు వద్ద ఏ షరతు వర్తించునో వెంట్రుకవాసి కూడ తప్పక నిర్దేశించుటలో లోకగురువనిపించుకొన్న వ్యక్తి, తన యింటి సరిహద్దు షరతును మాత్రము ఖాళీగా విడిచి పంపెను; అయినను ఆ సమస్యకు పరిష్కారము లభించి, 1909లో వివాహము శుభప్రదముగా జరిగినది. కంప్యూటరులో సమీకరణములను సాధించు మా సాల్వర్లు ఇట్టి యౌదార్యమును ప్రదర్శింపవు.

ఇక నా సంసారమునకు వచ్చుచున్నాను. నాలుగు మీటర్ల పొడవుగల కారొకటి గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. స్నిగ్ధతతో పోల్చినచో ప్రవాహపు జోరు ఎన్ని రెట్లో తెలుపు రెనాల్డ్స్ సంఖ్య 74 లక్షల చిల్లర. కారు వెనుకభాగమునకు చేరునప్పటికి సరిహద్దు పొర మందము సుమారు 6 సెంటీమీటర్లు. ఈ ఆరు సెంటీమీటర్లలోనే గాలి వేగము సున్న నుండి పూర్ణమునకు పెరుగవలెను. కాని ఆ పెరుగుదల సమముగా జరుగదు. అందులో సింహభాగము గోడను ఆనుకొనిన తొలి మిల్లీమీటరులోనే, కుళాయి దగ్గర బిందెల తొందర వలె ఒక్కుమ్మడిగా జరిగిపోవును. కావున అచటి గడులు అత్యంత సూక్ష్మముగా నుండవలెను. ఎంత సూక్ష్మముగా ననగా, ఈ కారునకు మొదటి పొర ఎత్తు సుమారు 15 మైక్రానులు. అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందులో పదిహేను.

అట్లయినచో అంతటను 15 మైక్రానుల ఘనపు గడులనే పేర్చరాదా యని బుద్ధిమంతులు అడుగవచ్చును. కారు ఉపరితలము 20 చదరపు మీటర్లనుకొని, దానిమీద 6 సెంటీమీటర్ల మందమున అట్టి గడులను పేర్చినచో మూడున్నర కోట్ల కోట్లు అగును. ఇన్నిటిని భరింపగల కంప్యూటరు మా కంపెనీలో లేదు. ఉన్నదని తెలిసినచో కరెంటు బిల్లు చూచువారు బ్రదుకనీయరు. అందుచేత గడిని అడ్డముగా 5 మిల్లీమీటర్లు సాగదీసి, ఎత్తున మాత్రము 15 మైక్రానులుగా నుంచుదుము. గాలి గోడ వెంబడి పోవునపుడు నెమ్మదిగాను, గోడ నుండి దూరమగునపుడు తటాలునను మారును గనుక, అడ్డముగా పొదుపును, నిలువుగా ధారాళమును చూపుట న్యాయమే. మొదటి పొరపై రెండవదానిని అయిదవ వంతు ఎక్కువ మందముగా, దానిపై మూడవదానిని మఱి అయిదవ వంతు ఎక్కువ మందముగా, ఇట్లు 1.2 నిష్పత్తిలో పెంచుకొనుచు పోయినచో 37వ పొరకు ఆరు సెంటీమీటర్లు నిండును. ఆ కడపటి పొర ఒక్కటియే సెంటీమీటరు మందముండును. మొత్తము గడులు మూడు కోట్లకు దిగివచ్చును. కోట్ల కోట్ల నుండి కోట్లకు దిగుట మధ్యతరగతివానికి ఎంతటి ఊరటయో వేఱుగ చెప్పనేల? తొందరపడి నిష్పత్తిని రెండు చేసిన పొరలు తగ్గునుగాని, ప్రక్క ప్రక్క గడుల నడుమ అంతస్తు భేదము ముదిరి, వేగము మారు తీరును పట్టలేక లెక్క చెడును.

ఇంతవఱకు చదివిన పాఠకుడు, ఆ 15 మైక్రానులు ఎచ్చటినుండి వచ్చినవని అడుగకుండునా? మా విద్యలోని అసలు చిక్కు అచ్చటనే యున్నది. గోడ మీది ఒరిపిడి నుండి ఒక వేగమును రాబట్టి, దానిని గోడ నుండి గల దూరముతో గుణించి, గతిజ స్నిగ్ధతచే భాగించిన వచ్చు సంఖ్యను వై ప్లస్ అందురు. మొదటి పొర దగ్గర ఈ వై ప్లస్ ఒకటి చుట్టుప్రక్కల నుండవలెను. కావున పొర ఎత్తు తెలియవలెనన్నచో ఒరిపిడి తెలియవలెను. ఒరిపిడి ఎంతయో తెలిసికొనుటకే గదా సిమ్యులేషన్! సిమ్యులేషన్ నడువవలెనన్నచో మెష్ కావలెను. మెష్ కావలెనన్నచో పొర ఎత్తు తెలియవలెను. పిచ్చి కుదిరితే గాని పెండ్లి కుదరదు, పెండ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదని మన పెద్దలు చెప్పిన సామెత ద్రవగతిశాస్త్రమునందు ఇంత అక్షరశః వర్తించునని వారు ఊహించి యుండరు.

ఈ చిక్కునకు లోకము కనిపెట్టిన ఉపాయము వినదగినది. కారును కారుగా గాక, నాలుగు మీటర్ల చదునైన పలకగా భావింపవలెను. పలక మీది ఒరిపిడికి పెద్దలు వ్రాసిపెట్టిన సూత్రములు కలవు. వానివలన ఒరిపిడి వేగము సెకనుకు ఒక మీటరు చిల్లర వచ్చును. పొర ఎత్తు 15 మైక్రానులని తేలును. కారునకు వంపులు తీర్చుటలో కండ్లు కాయలు చేసికొనిన డిజైనరు ఎదుట, "మీ కారును ప్రస్తుతానికి పలక అనుకుంటున్నామండీ" అని అనకూడదు. తలుపు వేసికొని లెక్క కట్టవలెను. సిమ్యులేషన్ ముగిసిన పిమ్మట నిజమైన వై ప్లస్ ఎంత వచ్చెనో చూచి, ఊహ తప్పినచో మెష్ సవరించి మరల నడుపవలెను. అందువలననే మాలో ఇద్దఱు కలిసికొనినచో కుశలప్రశ్నకు ముందు, "వై ప్లస్ ఎంతొచ్చింది?" అని అడుగుకొందుము.

ఒరిపిడిని ఊహింపక కొలిచిన మహనీయులును లేకపోలేదు. అమెరికాలోని కాల్టెక్‌లో పరిశోధన చేసిన సతీష్ ధవన్, పలక ఉపరితలములో చిన్న ముక్కను చుట్టును సన్నని ఎడముతో విడదీసి, స్వేచ్ఛగా తేలునట్లు అమర్చి, దానిని గాలి ఎంత బలముతో లాగుచున్నదో సూటిగా కొలిచెను. ఆ నివేదిక 1953లో అచ్చయినది. ఆయనయే 1972లో ఇస్రో పగ్గములు చేపట్టెను. 2002లో మన శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి. రాకెట్టు లేచునపుడు పులికాటు ఒడ్డున నిలిచి మెడలు నొప్పి పుట్టునట్లు ఆకాశమునకు చూచు జనులలో, ఆ పేరుగల పెద్దమనిషి పడుచుతనమున గోడ మీది చిటికెడు ముక్కను చూచుచు గడిపెనని ఎఱిగినవారెందఱు?

వై ప్లస్ విషయమున మాలో రెండు మతములు కలవు. గోడ దాక పోయి, ఒకటి దగ్గఱ మొదలుపెట్టి, ఉన్నదున్నట్లు చూడవలెనను వారు ఏకవాదులు. గోడ దగ్గఱి వ్యవహారము ఎల్లచోట్ల ఒకే తీరున నుండును గనుక దానికి వాల్ ఫంక్షన్ అను సూత్రమునొకదానిని నియమించి, మొదటి గడిని ముప్పది నుండి మూడువందల నడుమ నెచ్చటనో, ఈ కారునకైనచో దాదాపు అర మిల్లీమీటరు ఎత్తున, పెట్టుకొని సుఖముగా నుండవలెనను వారు త్రింశద్వాదులు. మొదటివారికి రెండవవారు సోమరులు. రెండవవారికి మొదటివారు దుబారాకోరులు. అయిదునకును ముప్పదికిని నడుమ నున్న ప్రదేశము మాత్రము ఉభయులకును నిషిద్ధము. అచట స్నిగ్ధత అధికారము పోయియు పోక, అల్లకల్లోలము అధికారము వచ్చియు రాక, రెండు శాసనములును సగము సగముగా నడుచుచుండును. అచట మొదటి గడిని పెట్టినవాని ఫలితములు త్రిశంకుని వలె తలక్రిందుగా వ్రేలాడుచుండును. చిత్రమేమనగా, అట్టి మెష్‌లే లోకములో విస్తారము. ఏలయన ఏకవాదిగా బయలుదేరినవాడు గడువు దగ్గఱపడగా పొరలు తగ్గించుకొనుచు, గమ్యము మార్చుకొనక, దారిలోనే బస చేయును.

చదునైన పలక మీద పొరలు వేయుట ఎవరికైనను చేతనగును. కారునకు మూలలు, సందులు, వైపరులు, అద్దపు కాడలు, తలుపుల చీలికలు కలవు. లోపలికి వంగిన మూలలో ఇటునుండి లేచిన పొరలును అటునుండి లేచిన పొరలును గట్టు తగవు పడిన దాయాదుల వలె ఎదురెదురై నిలుచును. అపుడు సాఫ్ట్‌వేరు పెద్దమనుష్యుల పంచాయితి చేయక, ఇరువురి పొలమును లాగివేయును. మా కుఱ్ఱవాడొకడు ఒకనాటి సాయంకాలము వచ్చి నిలుచుండెను.

"సార్, అద్దం కాడ దగ్గర లేయర్లు పోయాయండి."

"ఎన్ని పోయాయి?"

"అన్నీ సార్."

"ఎందుకట?"

"చెప్పలేదండి. కొన్నిచోట్ల తీసేశామని ఒక లైను రాసి, మెష్ పూర్తయిందని సంతోషంగా ముగించేసింది."

ఇంతకన్న విషమమైన స్థలము టైరు నేలను తాకు చోటు. గుండ్రని టైరునకును చదునైన రోడ్డునకును నడుమ సందు సన్నగిల్లి, సన్నగిల్లి, తుదకు శూన్యమగును. ఆ శూన్యములోనికి ముప్పదియేడు పొరలను పంపుట బ్రహ్మకును అసాధ్యము. గడులు నలిగి, మెలివడి, లోపలిది వెలుపలిదై, ఘనపరిమాణము సున్నకన్న తక్కువ గలవి పుట్టును. అట్టి గడిని చూచినంతనే సాల్వరు పని మానివేయును. అందుకు అనుభవజ్ఞులు టైరు క్రింద చుట్టును చిన్న దిమ్మె కట్టి, ఆ సన్నని సందును పూడ్చివేయుదురు. క్రొత్త కారు కొన్ననాడు గుడి ముంగిట నిమ్మకాయ పెట్టు చోటు సరిగా అదియే. పూజారిగారు దృష్టిదోషమునకును, మేము జ్యామితిదోషమునకును, అచ్చటనే శాంతి చేయుచున్నాము.

ఇంత చేసినను, కారు విషయమున ఒరిపిడి నిరోధము మొత్తములో కొద్దిపాటి భాగమే. ప్రయాణికుల విమానమునకైనచో దాదాపు సగము ఒరిపిడియే. కారును ప్రధానముగా వెనుకకు లాగునది దాని వెనుక ఏర్పడు అల్పపీడనపు సుడి. అట్లయిన ఈ పొరలతో నిమిత్తమేమి యని త్రింశద్వాదులు గెలుపు మొగముతో అడుగుదురు. నిమిత్తమిది: గాలి కారు పైకప్పును ఎచ్చట విడుచును అను నిర్ణయము ఆ పొరలోనే జరుగును. గోడ ప్రక్క గాలి అలసి, ఎదురు పీడనమునకు నిలువలేక వెనుకంజ వేసిన చోట ప్రవాహమంతయు గోడను విడిచి లేచిపోవును. సుడి పరిమాణము దానిని బట్టియే ఏర్పడును. నూరెంబర్గు చెక్కపొట్టు గొట్టములో జరిగినదే నేటి కారు వెనుకటి అద్దము మీదను జరుగుచున్నది. మెష్ వేయువాడు చేయునది ఇంతే: కష్టము ఎచ్చట పుట్టునో సమాధానము రాకముందే ఊహించి, తన గడులనన్నిటిని అచ్చట కావలి పెట్టుట. ఊహ సరియైనచో అదృష్టవంతుడందురు. తప్పినచో సాల్వరు బాగులేదందురు.

ఆ శ్రమకు లభింపవలసిన గౌరవమో, ఫలితములను చూపు ఎఱుపు నీలము రంగుల బొమ్మలకు లభించును. సమావేశములో బొమ్మలు చూపునపుడు అందఱును ముందుకు వంగుదురు. మెష్ బొమ్మ రాగానే ఒకరిద్దఱు టీ కొఱకు లేతురు. అయినను మెష్ పరీక్ష యొకటి తప్పదు. గడులను సూక్ష్మము చేసి, వాని సంఖ్యను రెట్టించి మరల నడిపినను నిరోధము మాఱకున్నచో, ఫలితము మెష్ పైన ఆధారపడలేదని ఋజువగును. మూడు కోట్ల గడులకు ఆరు కోట్లు పెట్టి, రాత్రింబవళ్లు కంప్యూటరు నడిపి, మూడవ దశాంశస్థానము కూడ కదలలేదని ఇటీవల నేను మా మేనేజరుగారికి సగర్వముగా నివేదించితిని.

"అంటే రెట్టింపు ఖర్చు పెట్టి ఏం సాధించామండీ?"

"ఏమీ మారదని తేలిందండీ."

"ఏమీ మారనప్పుడు మొదటిదే చాలుగా?"

"మొదటిది చాలని రెండోది చేస్తేనే కదండీ తెలిసేది."

ఆయన న్యాయబుద్ధి గలవారు గనుక, కలము బల్లపై తట్టుచు కొంతసేపు ఆలోచించి, "అట్లాగైతే వచ్చేసారి మొదటిది మానేసి, రెండోది ఒక్కటే చెయ్యండి. ఒక పని తగ్గుతుంది" అనిరి. ఆ ఉత్తరువు మఱునాడు ఈమెయిలులో లిఖితపూర్వకముగా కూడ వచ్చినది. మొదటిది లేకుండ రెండవదానిని చేయు విధానమేదో నిర్ణయించుటకు ముగ్గురు సభ్యులతో నొక కమిటీ ఏర్పడినది. అందులో ఇద్దఱు త్రింశద్వాదులు.